తరుగు

విద్యానగర్ రైల్వే స్టేషన్ వెనక సందుల్లో ఒక ముసలి కంసాలి ఉండేవాడు. అందరికీ ఆయన ఆచారి తాత. కొట్టు ఎంత చిన్నదంటే, ఇద్దరు గిరాకీలు లోపలికొస్తే మూడో మనిషి మెట్టు మీదే నిలబడాలి. లోపల ఒక చెక్కబల్ల, కుంపటి, ఊదుగొట్టం, కమ్మచ్చు, నాలుగు పట్టుకార్లు, తండ్రి చేతి నుంచి వచ్చిన గీటురాయి. ఎలక్ట్రానిక్ త్రాసు కొన్నాడు గానీ పక్కనే ఇత్తడి డబ్బీలో గురిగింజలు కూడా ఉంచుకున్నాడు. యంత్రం చెప్పిన బరువును గురిగింజ ఒప్పుకుంటేనే ఆయన ఒప్పుకునేవాడు. తులమంటే 10 గ్రాములని ఊరంతా సర్దుకున్నాక కూడా 11.66 అని వాదించి, ఎదుటివాడు విసుగెత్తి లేచిపోయేదాకా వదిలేవాడు కాదు.

పెద్ద నగలన్నీ అద్దాల షోరూములకు తరలిపోయాక ఆయనకు మిగిలినవి ముక్కుపుడకలు, తెగిన గొలుసులు, పసిపిల్లల చెవిపోగులు, పెళ్ళిళ్ళ సీజనులో పుస్తెలు. అయినా కొట్టు నడిచిందంటే ఒక్క పేరు మీదే: ఆచారి దగ్గర తరుగు తక్కువ. తల్లి బంగారంలోనైనా కంసాలి చెయ్యి పెడతాడంటూ మన సామెతలు ఆ వృత్తికి ఒక మచ్చ అంటించి పెట్టాయి. ఆ మచ్చ తన గుమ్మం తొక్కకుండా ఆయన నలభై ఏళ్ళు కాపలా కాశాడు.

అమావాస్య నాడు పని ముట్టేవాడు కాదు. ఆ రోజు రజను కడిగే రోజు. నెలంతా బల్ల మీద, ఒళ్ళో పరుచుకున్న తోలు మీద, నేల పగుళ్ళలో రాలిన పొడినంతా కుంచెతో ఊడ్చి, అయస్కాంతం తిప్పి ఇనుప పొడి తీసేసి, పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగేవాడు. వెంట్రుకలు, దారప్పోగులు, బొగ్గుపొడి పైకి తేలేవి. బంగారం అడుక్కు దిగేది. పై నీళ్ళు గుమ్మం ముందున్న కాలువలోకి వంపేసి, అడుగున మిగిలినదాన్ని మూసలో పెట్టి, వెలిగారం చల్లి ఊదితే జొన్నగింజంత ముద్ద వచ్చేది. ఇచ్చిన బంగారం ఒక పక్క, తయారైన నగ, మిగిలిన ముక్కలు, ఈ ముద్ద ఇంకో పక్క. రెండు పక్కలూ తూగాలి. "పైకి తేలింది చెత్త, అడుక్కు దిగింది బంగారం" అని తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. నలభై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

ఏటా ఉగాదికి ముందు ఒక ముసలమ్మ వచ్చేది. ఆయన చేతిలో యాభై రూపాయలు పెట్టి, కొట్టు ముందు కాలువ అడుగున పేరుకున్న మట్టిని గోనెసంచికి ఎత్తుకుని పోయేది. బంగారం పని జరిగే వీధుల్లో ఇలా మట్టి కొని కడుక్కుని బతికేవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు. ఆచారి దృష్టిలో అది తను చేసే దానం. యాభై ఎందుకు తీసుకుంటున్నావని ఎవరైనా అడిగితే, ఉత్తపుణ్యానికి ఇస్తే ఆమె తీసుకోదు అనేవాడు.

ఒక దసరాకు ఆ కొట్లోకి రెండు కొత్తగా వచ్చాయి. ఒకటి నగలకు మెరుగు పెట్టే చిన్న మోటారు. రెండోది ఇంటర్ తప్పిన ఒక కుర్రాడు. వాడి తల్లి నల్లకుంటలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. వాడి చేతులు నెమ్మది. మాట తక్కువ. నెల తిరిగేసరికి కుంపటి ఊదడం, తీగ లాగడం, రజను కడగడం నేర్చుకున్నాడు.

ఆ అమావాస్యకు లెక్క తప్పింది. మూడు గురిగింజలు తక్కువ.

మూడు గురిగింజలంటే గ్రాములో మూడోవంతుకు కాస్త ఎక్కువ. మరో కొట్లో అయితే తుడిచేసుకునేవాళ్ళు. ఈ కొట్లో అది తాటికాయంత. మరుసటి అమావాస్యకూ మూడే తగ్గాయి. ఆ పై నెలకూ అంతే. మోటారుకు చేతులు లేవు, జేబుల్లేవు. చేతులూ జేబులూ ఉన్నవాడు కొట్లో ఒక్కడే.

మూడో అమావాస్య నాడే కుర్రాడు పళ్ళెం మీద వంగి అన్నాడు: "తాతా, నీళ్ళ మీద ఏందో మెరుస్తున్నది జూడు."

ఆచారి తలెత్తలేదు. "మెరిసేదంత బంగారమైతదా? మోటర్ మైనం జిడ్డు గది. బంగారం యాడన్న తేల్తదా బిడ్డా, ఇనుముకన్న బరువు. పారబొయ్యి."

కుర్రాడు పారబోశాడు.

నాలుగో నెల కూడా లెక్క తప్పాక ఆచారి వాణ్ణి పిలిచి, జీతం చేతిలో పెట్టి, "రేపటి సంది రాకు. పని తక్కువున్నది" అన్నాడు.

"నేనేం జేసిన తాతా?"

"నేనేమన్నన్నా? పని తక్కువున్నదన్న."

ఇంకేమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. కంసాలి కొట్లోంచి పెళ్ళిళ్ళ సీజనులో పనివాణ్ణి పంపించేశారంటే దానికి అర్థం ఏమిటో వీధిలో కిరాణా కొట్టుకు తెలుసు, ఇస్త్రీ బండికి తెలుసు, హాస్టల్లో వంటింటికి రెండు రోజుల్లో తెలిసింది.

తర్వాతి అమావాస్యకు ఆచారి తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కడే కూర్చుని రజను కడిగాడు. కరిగించాడు. తూచాడు. మూడు గురిగింజలు తక్కువ.

ఇంకోసారి తూచాడు. గురిగింజలను తూచాడు. త్రాసు బ్యాటరీ మార్చాడు. ఎలకల మీద అనుమానం వచ్చింది, కొడుకు మీద వచ్చింది, ఆఖరికి సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టే కోడలి మీద కూడా వచ్చింది. ఏ అనుమానమూ రాత్రి నిద్ర దాకా నిలవలేదు.

మరో నెల గడిచింది. ఆ రోజు కడగడం పొద్దు వాలాక మొదలైంది. పడమటి సందులోంచి ఎండ ఏటవాలుగా వచ్చి పళ్ళెం మీద పడింది. నీళ్ళ మీద ఒక పొర. పాల మీద మీగడ కట్టినట్టు, పలుచగా, పసుపుగా. పుల్లతో తాకితే ముడత పడింది, వదిలితే సర్దుకుంది. ఆచారి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక కాగితం ముక్క నీళ్ళకు ఆనించి ఆ పొరను దాని మీదికి ఎక్కించాడు. అలా పది పన్నెండు కాగితాలు. ఎండబెట్టి, మూసలోనే కాల్చి, ఆ బూడిద మీద వెలిగారం చల్లి ఊదాడు. బూడిద నడుమ ఒక చుక్క కళ్ళు తెరిచింది. గీటురాయి మీద గీశాడు. ఆసిడ్ పోశాడు. గీత చెదరలేదు.

గురిగింజల త్రాసులో పెడితే మూడుకు సరిగ్గా తూగింది.

మెరిసేదంతా బంగారం కాదన్న సామెత ఆ సాయంత్రం ఆయనకు పనికిరాకుండా పోయింది.

కుర్రాడు అశోక్‌నగర్‌లో సెంట్రల్ లైబ్రరీ దగ్గర చాయ్ బండి మీద పని చేస్తున్నాడని తెలిసి, మర్నాడు ఆచారి రామ్‌నగర్ చౌరస్తా, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటుకుంటూ నడిచి వెళ్ళాడు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు పుస్తకాలు చంకన పెట్టుకుని చాయ్ తాగుతున్నారు. కుర్రాడు గ్లాసులు కడుగుతున్నాడు. తాతను చూసి లేచి స్టూలు జరిపాడు.

"కూసో తాతా. చాయ్ తాగు."

ఆచారికి చాయ్ గొంతు దిగలేదు. కాగితం పొట్లం విప్పి బంగారు చుక్క చూపించాడు. "నీళ్ళ మీద దొరికింది" అన్నాడు.

"నేను జెప్పిన గదా."

"చెప్పినవ్ బిడ్డా. నేనే ఇనలే."

కుర్రాడు చాయ్ పత్తి డబ్బా అడుగున మిగిలిన సన్నపొడిని మంచి నీళ్ళ గిన్నె మీద చల్లాడు. పొడి తేలింది. గ్లాసులు కడిగే సబ్బునీళ్ళలో వేలు ముంచి గిన్నె మధ్యలో ఆనించాడు. పొడి ఒక్కసారిగా అంచులకు ఉరికింది. కాసేపటికి మెల్లగా అడుక్కు దిగడం మొదలుపెట్టింది.

"సబ్బు తగిల్తే నీళ్ళకు పట్టు పోతది తాతా. గ్లాసులు గడుగుతుంటె కనవడ్డది. నీ ఆకురాయి పొడి ఉప్మారవ్వ లెక్కుంటది, మునుగుతది. మోటర్ పొడి మైదా లెక్కుంటది. మైదా తేల్తది. రెండు చుక్కలు కుంకుడురసం ఏసి జూడు."

ఆచారి పొట్లం వాడి చేతిలో పెట్టబోయాడు. కుర్రాడు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు తాతా. గిది నా దగ్గర దొరికితే మళ్ళ నన్నే అంటరు."

ఆ తర్వాత ఆచారి కొట్లో ఒక వింత జరిగింది. పళ్ళెం నిండా నీళ్ళు పోసి, మీద మోటారు రజను చల్లి, దాన్ని గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాడు. చెవిపోగులు అడగడానికి వచ్చినవాళ్ళు, దారిన పోయేవాళ్ళు, ఇస్త్రీ బండివాడు, ఎవరు కనిపిస్తే వాళ్ళని పిలిచి చూపించేవాడు: "చూసిన్రా, దొంగ గీడున్నడు." నెల రోజులు ఇదే పని. హాస్టల్ వంటింటి దాకా వెళ్ళి చూపించి వచ్చాడని కూడా చెప్తారు. కుర్రాడు మాత్రం మళ్ళీ ఆ కొట్లో పనికి రాలేదు.

నీతి: ముద్ద దగ్గర నేర్చుకున్న న్యాయంతో నలుసుకు తీర్పు చెప్పకూడదు.

చందమామ కాలం నుంచి నీతిని ఒక్క వాక్యంలో తేల్చడం మనకు అలవాటు. కానీ ఈ వాక్యంలో సగం భౌతికశాస్త్రం, సగం మనుషుల సంగతి. మొదటి సగాన్ని కాస్త విప్పి చూడాలి. ఎందుకంటే ఆచారి అన్నది తప్పు కాదు. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు. అది మునగాల్సిందే. మరి ఎందుకు మునగలేదు?

2 మిల్లీమీటర్ల బంగారు పూసను, దానికంటే నూరు రెట్లు సన్నగా, అంటే 0.02 మిల్లీమీటర్లుండే రేణువును పక్కపక్కన పెట్టి ఆలోచించండి. రేణువు అడ్డం నూరో వంతు. బరువు మాత్రం నూరో వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరో వంతుకు తగ్గాయి గనక బరువు పదిలక్షల వంతుకు పడిపోయింది. ఇక నీటి ఉపరితలం ఉంది. బిగించి కట్టిన పొరలా ప్రవర్తించే ఈ గుణాన్ని పాఠ్యపుస్తకాల్లో తలతన్యత అంటారు. ఈ పొర వస్తువును దాని అంచు పొడవునా పట్టుకుంటుంది. అంచు నూరో వంతుకే తగ్గింది గనక పట్టు కూడా నూరో వంతుకే తగ్గింది. ఇప్పుడు తూచండి. బరువుతో పోలిస్తే నీటి పట్టు పదివేల రెట్లు బలపడింది. పూస దగ్గర ఆ పట్టు లెక్కలోకే రాదు. రేణువు దగ్గర అదే రాజు. దానికి తోడు మోటారు మైనం జిడ్డు, చేతి జిడ్డు. నీళ్ళు బంగారాన్ని తడపలేకపోయాయి. కుంకుడురసం చేసే పనల్లా ఆ పొర బిగువును సడలించడం, రేణువు తడిసేలా చూడడం.

అంటే న్యాయసూత్రాలు మారలేదు. పూస మీదా రేణువు మీదా పనిచేసినవి అవే రెండు బలాలు. పెత్తనం మాత్రం చేతులు మారింది. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని పెద్ద జంతువుల వైపు నుంచి చెప్పాడు: ఎముకను అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే అది తన బరువు తానే మోయలేదు, లావు కావాల్సిందే. ఏనుగు కాళ్ళు జింక కాళ్ళలా ఉండకపోవడానికి కారణం అదే. చీమ మిద్దె మీంచి పడి దులుపుకుని పోతుంది, మనం పోలేం. అదే చీమ ఒక నీటిబొట్టులో చిక్కుకుంటే బయటపడడానికి ప్రాణాల మీదికి వస్తుంది. మనం స్నానం చేసి తువ్వాలుతో తుడుచుకుంటాం. ఏ భయం ఎవరికన్నది వాళ్ళ కొలత నిర్ణయిస్తుంది.

ఆచారి కొట్టుకు కాస్త దూరంలోనే దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని ఆయన చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. దోమ పిల్లలు, చాలా జాతులవి, నీటి పొరకు తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టంతో గాలి పీల్చుకుంటాయి. ఆ పొరే వాటికి పైకప్పు, కొక్కెం. మురుగు గుంటల్లో జీహెచ్‌ఎంసీ వాళ్ళు వేసే నూనె ఉండలు (రంపపు పొట్టును పాత ఇంజిన్ నూనెలో నానబెట్టి కట్టినవి) చేసేది ఆ కొక్కెం ఊడగొట్టి, గాలి గొట్టానికి అడ్డుపడడం. ఆచారి పళ్ళెంలో కుంకుడురసం, నల్లకుంట గుంటలో నూనె. రెండూ ఒకే పొర మీద దెబ్బ.

ఇదంతా కంటికి కనిపించే నలుసుల సంగతి. ఆచారి మోటారు ఇంకా వెయ్యి రెట్లు మెత్తగా నూరగలిగి ఉంటే ఆయనకు రజను రంగు కూడా చెయ్యిచ్చేది. 20 నానోమీటర్ల ప్రాంతంలో, అంటే వెంట్రుక మందంలో సుమారు నాలుగువేల వంతు దగ్గర, బంగారం పసుపుగా ఉండదు. నీళ్ళలో కలిస్తే దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మైకేల్ ఫారడే 1857లో ఇలాంటి ఎర్రనీళ్ళు చేసి, ఈ రంగుకు కారణం బంగారం అతి సన్నని రేణువులుగా విడిపోవడమేనని వాదించాడు. ఆయన చేసిన సీసాలు కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అంత చిన్న రేణువులో ఎలక్ట్రాన్లన్నీ కలిసి కాంతితో ఊగుతాయి. ఆ ఊపు పచ్చకాంతిని మింగేస్తుంది, మనకు మిగిలేది ఎరుపు. ఒక్క గురిగింజెత్తు బంగారంతో రెండు లీటర్లకు పైగా ఆ ఎర్రనీళ్ళు చేయొచ్చు. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే పిల్లలు రూహఫ్జా అనుకుని గ్లాసులో పోసుకుంటారు.

ఆ ఎర్ర బంగారాన్ని మీరు చూడలేదనుకోకండి. కోవిడ్ రోజుల్లో ఇంట్లో పరీక్ష చేసుకున్న కిట్ మీద, మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ స్ట్రిప్పు మీద తేలిన ఆ గులాబీ గీత చాలావాటిలో బంగారు నానోరేణువులదే. షోరూముకు వెళ్ళలేని ఇల్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు బంగారు గీత కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఎరుపొక్కటే కాదు. ఆచారి కుంపటి మీద బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. రేణువు రెండు మూడు నానోమీటర్లకు దిగితే వందల డిగ్రీలు ముందే కరిగిపోతుంది. ఎందుకో తెలియాలంటే లడ్డూలు పేర్చి చూడండి. అటు పది, ఇటు పది, ఎత్తు పది, మొత్తం వెయ్యి. లోపల అన్ని వైపులా తోటి లడ్డూల మధ్య ఇరుక్కున్నవి 512. బయటి వరసల్లో గాలికి ఉన్నవి 488. దాదాపు సగం గుమ్మంలోనే కూర్చున్నాయి. అదే నూరేసి చొప్పున పదిలక్షలు పేరిస్తే బయట ఉన్నవి నూటికి ఆరు కూడా కావు. మూడు నానోమీటర్ల బంగారు రేణువుకు అడ్డంగా లెక్కిస్తే సుమారు పది పరమాణువులు. అంచున ఉన్న పరమాణువుకు పట్టుకునే తోడు తక్కువ, అందుకే అది త్వరగా కదులుతుంది, త్వరగా కరుగుతుంది. కులీనత అంటే ఎవరితోనూ కలవకపోవడం అని బంగారం గురించి రసాయనశాస్త్రం చెప్పుకుంటూ వచ్చింది. అయితే 1980లలో జపాన్‌లో మసాతాకే హరూతా బృందం చూపించిందేమిటంటే, నానోరేణువులుగా చేస్తే అదే బంగారం గడ్డకట్టే చలిలో కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి పెట్టగలదు. పెద్ద ముద్దగా ఉన్నప్పుడు పలకరించనిది చిన్నదయ్యేసరికి అందరితో కలిసింది.

ఇంకా కిందికి దిగితే, ఒక్కొక్క పరమాణువు, ఒక్కొక్క కాంతి రేణువు దగ్గరికి వెళితే, పెత్తనం మారడం అన్నమాట కూడా చాలదు. అక్కడ మన రోజువారీ ఊహే పనిచేయదు. విద్యానగర్ నుంచి అడిక్‌మెట్ దాటితే వచ్చే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సూరి భగవంతం ఆ లోకంలో పనిచేసిన మనిషి. 1909లో కృష్ణా జిల్లాలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరాడు. 1931లో రామన్, భగవంతం కలిసి, చెదిరిన కాంతిని కొలిచి, కాంతి రేణువుకు తనదైన ఒక తిరుగుడు ఉందని ప్రయోగపూర్వకంగా చూపించారు. బొంగరాన్ని ఎంత వేగంగా కావాలంటే అంత తిప్పొచ్చు. కాంతి రేణువుకు ఆ వీల్లేదు. దాని తిరుగుడు ఒక్క యూనిట్, అటో ఇటో. అరా, పావూ లేవు. ఆచారి భాషలో చెప్పాలంటే అది ప్రకృతి వాడే గురిగింజ. కాంతికి దానికంటే సన్నగా తూచడానికి గింజ లేదు. ఈ గింజల లెక్క మన ముద్దలకూ వర్తిస్తుంది. కానీ లక్షల కోట్ల గింజల రాశిలో ఒక గింజ ఎక్కువైనా తక్కువైనా ఏ త్రాసుకూ తెలియదు.

ఇంతా చెప్పాక ఒక చిత్రం. ఆచారి గీటురాయి మీద చూసుకుని మురిసే ఆ పసుపు కూడా చిన్నలోకం పెట్టిన రంగే. బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లున్నాయి. అంత గట్టి లాగుడుకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించి పరుగెత్తాలి. ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం ఆ వేగం పరమాణువు కొలతలను మారుస్తుంది, లోహం నీలికాంతిని మింగడం మొదలుపెడుతుంది. అది లేకపోతే బంగారం వెండిలా తెల్లగా ఉండేది. ముద్దకు ఒక న్యాయం, నలుసుకు ఒక న్యాయం అన్నాను గానీ ముద్ద తన రంగును నలుసు దగ్గరే అప్పు తెచ్చుకుంది.

ఇక నీతిలో రెండో సగం. భౌతికశాస్త్రం నుంచి మనుషుల మీదికి దూకే రచయితలంటే నాకు అనుమానం. క్వాంటం పేరు చెప్పి మంత్రాలూ మందులూ అమ్మేవాళ్ళు మన ఊళ్ళో కూడా తక్కువేం లేరు. అందుకని నేను దూకను. కథలో ఉన్న తూనికే చెబుతాను. మూడు గురిగింజల తరుగు ఆచారికి ఒక నెల లెక్కలో తప్పు. పని తక్కువున్నదన్న మాట కొడుకుతో అని ఉంటే వాడు ఆ పూట అలిగి సాయంత్రం అన్నానికి వచ్చేవాడు. అదే మాట ఆ కుర్రాడికి వీధి వీధంతా పోయింది. నోటి మాట ఒకటే, బరువూ ఒకటే. పడిన చోటు కొలత వేరు. లోపలి వరసలో ఉన్న లడ్డూను నాలుగు వైపులా తోటివాళ్ళు పట్టుకుంటారు. వాడు అంచున ఉన్నాడు.

ఇంకొకటి కూడా నాకు నచ్చుతుంది, బహుశా కథ చెప్పినవాళ్ళు ఉద్దేశించి ఉండరు. నీళ్ళ మీద మెరుస్తోందని చూసింది కుర్రాడు. ఏడు తరాల విద్య ఉన్నది ఆచారికి. విద్య ఉండడం వల్లే ఆయన తలెత్తి చూడలేదు. బంగారం మునుగుతుందని తెలియనివాడికి అది తేలడం కనిపించింది.

ఇప్పుడు కొట్లో మోటారు పక్కనే చిన్న మట్టిమూకుడులో కుంకుడురసం ఉంటుంది. అమావాస్య లెక్క మళ్ళీ కుదిరింది. మోటారు మైనం నలుపు అంటిన నీళ్ళను ఇప్పటికీ ఆ కాలువలోకే వంపుతాడు, కానీ ముందు వెలుతురులో పెట్టి వంగి చూసుకుంటాడు.

కాలువ మట్టి ఎత్తుకుపోయే ముసలమ్మను నేను అడగలేదు గానీ, వీధిలో ఒకరు చెప్పారు. కుర్రాడు పనిలో చేరిన ఆ ఏడాది ఆమె ఉగాదికి ఒక్కసారి కాదు, సంక్రాంతికీ ఉగాదికీ రెండుసార్లు వచ్చిందట. రెండుసార్లూ యాభై బదులు వంద రూపాయలు ఇచ్చిందట. ఎందుకమ్మా ఎక్కువిస్తున్నావని ఆచారి అడిగితే, మట్టి మంచిగున్నది అయ్యా అని సంచి భుజానికెత్తుకుందట.